వాన పడుతోందని చెప్పాలన్నా ఎదుటివారి వయసు తెలియాలి

"కొరియన్ భాషలో ఆ దేశపు సంస్కృతి, సమాజం ఎంతవరకు కనిపిస్తాయి? తెలుగువారికి ఆ భాష ఎలా అనిపిస్తుంది?" అని అడిగారు. నేను 2012 నుంచి 2016 వరకు దక్షిణ కొరియాలోని చాంగ్వన్ నగరంలో, ఒక యంత్రభాగాల కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేశాను. ఇప్పుడు పెనుకొండ దగ్గర, కార్ల కర్మాగారానికి విడిభాగాలు అందించే ఒక సంస్థలో కొరియన్ అధికారులకూ మన కార్మికులకూ నడుమ దుబాసీగా ఉన్నాను. భాషాశాస్త్రం చదివినవాణ్ని కాను కనుక, చెవిన పడినవీ, నోరు జారి నేర్చుకున్నవీ మాత్రమే చెబుతాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసినది వాక్యం చివర గురించి. కొరియన్‌లో కూడా మనలాగే క్రియ చివర వస్తుంది. విభక్తి ప్రత్యయాలు మన 'కి', 'ని', 'లో' మాదిరిగానే నామవాచకం వెనుక చేరుతాయి. అందువల్ల ఇంగ్లీషువారు ఏడాదంతా తంటాలు పడే వాక్యనిర్మాణం మనకు వారంలో పట్టుబడుతుంది. చిక్కల్లా ఆ క్రియకు తగిలించే తోకతోనే ఉంది. 'వాన పడుతోంది' అనే మాటను స్నేహితుడితో 'పిగా వా' అనీ, అంతగా చనువు లేనివారితో 'పిగా వాయొ' అనీ, పదిమంది కూర్చున్న సమావేశంలో పై అధికారి ముందు 'పిగా ఒమ్నిదా' అనీ అంటారు. వాన మూడు చోట్లా ఒకటే, వినేవారు మాత్రం వేరు. 'మన అండి కూడా అంతే కదా' అని మీరు అనవచ్చు. పోలిక నిజమే కానీ, తెలుగులో అండి లేకుండా 'వాన పడుతోంది' అని ఊరుకుంటే ఎవరినీ గౌరవించినట్టూ కాదు, అగౌరవపరచినట్టూ కాదు. కొరియన్ సంభాషణలో అలా తటస్థంగా తప్పించుకునే దారి లేదు. తోక లేకుండా వదిలేస్తే అదే చనువు మాట అయి కూర్చుంటుంది. అంటే, ఎదుటివారు తనకంటే పెద్దా, చిన్నా, దగ్గరివారా, దూరపువారా అని తేల్చుకోకుండా కొరియన్ మనిషి వాతావరణం గురించి కూడా నోరు విప్పలేడు. నన్నడిగితే ఆ సమాజమంతా ఆ తోకలోనే ఉంది. గోదావరి జిల్లాలవారికి ఇది నాకంటే సులువుగా వచ్చేదేమో! మా అనంతపురం వైపు అండి వాడకం తక్కువ.

వినేవారికి ఇచ్చే మర్యాద ఒకటైతే, ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారికి ఇచ్చే మర్యాద మరొకటి. దీనికి క్రియ మధ్యలో 'షి' అనే చిన్న ముక్క చేరుతుంది. ఈ రెండూ వేర్వేరని బోధపడక మా తరగతిలోని వియత్నాం కుర్రవాడు నెలరోజులు తల పట్టుకున్నాడు. నాకు మాత్రం 'తాతయ్య వచ్చారురా', 'తమ్ముడు వచ్చాడండి' అనే రెండు తెలుగు వాక్యాలు తలచుకోగానే సంగతి తేలిపోయింది: మొదటిదానిలో తాతయ్యకు గౌరవం, వింటున్నవాడికి చనువు; రెండవదానిలో అది తలకిందులు. కొన్ని క్రియలకైతే ప్రత్యయంతో సరిపెట్టరు, మాటనే మార్చేస్తారు. మామూలువాళ్ళు 'చాదా', అంటే నిద్రపోతారు. పెద్దలు 'చుముషిదా', అంటే శయనిస్తారు. మామూలువాళ్ళు చచ్చిపోతే పెద్దలు 'తొరాగాషిదా', అంటే 'తిరిగి వెళ్ళిపోతారు'.

ఇంత పోలిక ఉందన్న ధీమాయే నన్ను దెబ్బతీసింది. చేరిన రెండో వారంలో మధ్యాహ్నం భోజనశాలలో మా విభాగాధిపతి ఎదురుగా కూర్చున్నారు. 'మీరు భోంచేశారా' అని అడగాలనుకుని, నిఘంటువులో 'మీరు'కు ఇచ్చిన 'తాంగ్‌షిన్' అనే మాటను వెతికి పట్టుకుని, క్రియకు పెట్టవలసిన మర్యాద ప్రత్యయాలన్నీ పెట్టి మరీ అడిగాను. బల్ల దగ్గర ఉన్న ఆరుగురి చెంచాలూ ఆగిపోయాయి. ఆయన నవ్వి ఊరుకున్నారు కానీ, సాయంత్రం ఒక సహోద్యోగి నన్ను పక్కకు పిలిచి, తాంగ్‌షిన్ అనేది భార్యాభర్తలు ఒకరినొకరు అనుకునే మాటనీ, లేదంటే రోడ్డు మీద కార్లు రాసుకున్నప్పుడు ఇద్దరు అపరిచితులు చొక్కాలు పట్టుకోబోయే ముందు అనుకునే మాటనీ వివరించాడు. ఎదుట లేని పెద్దల గురించి 'తాము' అనే అర్థంలో గౌరవంగానూ వాడతారట. మన 'తమరు' కూడా ఒకప్పుడు నికార్సయిన గౌరవమే. ఇవాళ ఎవరినైనా 'తమరు ఎప్పుడు దయచేశారు?' అంటే ఏమవుతుందో తలచుకోండి. మరి పై అధికారిని 'మీరు' అనడానికి ఏ మాట వాడాలని అడిగితే, ఏదీ లేదన్నాడు. హోదాను చెప్పి 'నిమ్' చేర్చాలి: విభాగాధిపతి అయితే 'బుజాంగ్‌నిమ్', మాస్టారైతే 'సొన్‌సేంగ్‌నిమ్'. పేరు పెట్టి పిలవడమన్నది పైనుంచి కిందికి మాత్రమే ప్రవహించే నీరు. పిల్లలున్న ఇల్లాలినైతే 'ఫలానా వాళ్ళమ్మ' అంటారు. మన పల్లెల్లోనూ ఇది వింతేమీ కాదు.

హోదా లేని చోట వయసే హోదా. కొత్తగా కలిసినవారు మొదటి పది నిమిషాల్లోనే మీరు పుట్టిన సంవత్సరం అడుగుతారు. అది ఆరా తీయడం కాదు, వాక్యం చివర ఏ తోక పెట్టాలో తెలియక పడే అవస్థ. మర్యాదస్థులు సూటిగా అడగకుండా, పన్నెండేళ్ళ జంతుచక్రంలో మీది ఏ జంతువని అడిగి లెక్క వేసుకుంటారు. నాది 1986, అంటే పులి. మా విభాగంలో ఒకతను 1987 జనవరిలో పుట్టాడు. అప్పటి బడి నిబంధనల ప్రకారం జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవారు ముందు సంవత్సరం పిల్లలతో కలిసి చదివేవారు కనుక, తాను నాతో సమానమని అతని వాదన. కానీ 1987 మేలో పుట్టిన మరొకతను అప్పటికే అతనితో సమానంగా మాట్లాడుతున్నాడు. నాతో మాత్రం తమ్ముడిలా మాట్లాడుతున్నాడు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్న రాత్రి ఎవరు ఎవరిని ఏమనాలో తేలక గంటసేపు చర్చ జరిగింది. ఇలాంటి ఇరకాటానికి వాళ్ళకు ఒక నానుడి కూడా ఉంది: 'చొక్బో చిక్కుపడింది' అంటారు, చొక్బో అంటే వంశవృక్షం. అన్నట్టు, నేను చాంగ్వన్‌లో దిగిన నాడే నాకు వయసు పెరిగింది. పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, ఆ తరువాత ప్రతి జనవరి ఒకటిన మరొక ఏడు. డిసెంబరు 31న పుట్టిన బిడ్డకు మర్నాటికల్లా రెండేళ్ళు. అధికారిక వ్యవహారాల్లో చాలావాటికి పుట్టినరోజు లెక్కనే పాటించాలన్న చట్టం 2023 జూన్‌లో అమలులోకి వచ్చింది కానీ, మాటల తోకలు చట్టం చెబితే మారేవి కావు.

'చింగు' అనే మాటను మన పాఠ్యపుస్తకాలు 'స్నేహితుడు' అని అనువదిస్తాయి. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దయిన సహోద్యోగిని ఒకరికి 'నా చింగు' అని పరిచయం చేస్తే ఇద్దరూ పకపకా నవ్వారు. చింగు అంటే ముందుగా సమవయస్కుడు, ఆ తరువాతే స్నేహితుడు. ఎనిమిదేళ్ళు పెద్ద అయినవాడు ఎంత ప్రాణమిత్రుడైనా 'హ్యొంగ్', అంటే అన్న. అది కూడా మాట్లాడేది మగవాడైతేనే. అదే వ్యక్తిని ఆడపిల్ల 'ఒప్పా' అంటుంది. అక్కను మగవాడు 'నునా' అంటే ఆడపిల్ల 'ఒన్నీ' అంటుంది. మనకు అన్న, అక్క అన్న మాటల్లో పిలిచేవారెవరో తెలియదు; వారికి ఆ పిలుపులోనే అన్నీ తెలిసిపోతాయి. తమ్ముడికీ చెల్లికీ కలిపి మాత్రం 'తొంగ్‌సేంగ్' అనే ఒక్క మాటతో సరిపెట్టేశారు. పెద్దవారి దగ్గర అంత సూక్ష్మం, చిన్నవారి దగ్గర ఇంత ఉదాసీనం! భాష ఎటు చూస్తూ పెరిగిందో దీన్నిబట్టి తెలియడం లేదూ?

బంధుత్వ పదాలు ఇల్లు దాటి వీధిలోకి రావడం మనకు తెలిసిన సంగతే కాబట్టి, హోటల్లో వడ్డించే ఆవిడను వాళ్ళు 'ఇమో', అంటే చిన్నమ్మ, అని పిలుస్తుంటే నాకు సొంత ఊళ్ళో ఉన్నట్టే అనిపించేది. మేనత్తకు 'కొమో' అనే మాట వేరే ఉంది, కానీ సోడా తెమ్మని ఎవరూ మేనత్తను పిలవరు. అసలు తేడా వావివరసల దగ్గర బయటపడింది. కొరియన్లు బంధుత్వాన్ని 'చోన్' అనే మెట్లతో లెక్కిస్తారు: తల్లిదండ్రులు ఒకటి, తోబుట్టువులు రెండు, బాబాయి మూడు, ఆయన పిల్లలు నాలుగు. మామయ్య పిల్లలైనా, బాబాయి పిల్లలైనా, అత్త పిల్లలైనా అందరూ 'సాచోన్', అంటే నాలుగో మెట్టువారు. మనకు మాత్రం బాబాయి కొడుకు తమ్ముడు, మామయ్య కొడుకు బావ, మామయ్య కూతురు మరదలు. అంత తేడా ఎందుకని ఒక సహోద్యోగి అడిగితే, మరదలిని పెళ్ళి చేసుకోవచ్చు కనుక అన్నాను. అతను కాఫీ కప్పు కింద పెట్టేశాడు. వాళ్ళ చట్టంలో ఎనిమిది చోన్‌ల లోపు రక్తసంబంధీకుల పెళ్ళికి నేటికీ అనుమతి లేదు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవారు ఎన్ని తరాల దూరమైనా పెళ్ళాడరాదన్న నియమం, 1997లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టేదాకా పౌర చట్టం ప్రకారం అమలులో ఉండేది. మన సగోత్ర నిషేధంలాంటిదేనని చెబితే తేలికపడ్డాడు కానీ, మేనరికం సంగతి మాత్రం చివరిదాకా మింగుడుపడలేదు. రెండు భాషలూ బంధువులకు అంత శ్రద్ధగా పేర్లు పెట్టుకున్నాయి; ఒకటి ఎవరిని చేసుకోవచ్చో గుర్తుపెట్టుకోవడానికి, మరొకటి ఎవరిని చేసుకోకూడదో లెక్కపెట్టుకోవడానికి.

ఆడవారి విషయంలో ఆ లెక్క మరీ కటువుగా ఉంటుంది. కోడలు పెళ్ళికాని మరిదిని 'తొర్యొన్‌నిమ్' అనీ, భర్త చెల్లెలిని 'ఆగాషి' అనీ పిలవాలి. పూర్వం పెద్దింటి చిన్నదొరనూ, చిన్నమ్మగారినీ సేవకులు పిలిచిన పిలుపులవి. అల్లుడు భార్య తమ్ముణ్ణి, చెల్లెల్ని పిలిచే మాటలకు అలాంటి గౌరవ ప్రత్యయమేదీ లేదు. భర్త పుట్టిల్లు 'షిదేక్', భార్య పుట్టిల్లు 'చొగా'; మొదటిదానిలోని 'దేక్' గౌరవవాచకం, రెండవదానిలోని 'గా' వట్టి ఇల్లు. మనవైపు ఇద్దరికీ అత్తగారిల్లే కదా అని నేను గొప్పగా చెప్పబోయి, ఆడపడుచు లాంఛనాలు గుర్తుకు వచ్చి ఆగిపోయాను. ఈ పిలుపులు మార్చాలని కొన్నేళ్ళుగా అక్కడ గట్టిగానే చర్చ జరుగుతోంది. చాలామంది యువతులు వాటిని నోట పలకడమే మానేశారు.

ఇక 'ఉరి' అనే మాట. మొదటిసారి వినగానే ఉలిక్కిపడ్డాను, మన చెవికి అది పలికేది మరొకటి కనుక! దాని అర్థం 'మన', 'మా'. మన దేశం ఉరి దేశం, మా ఇల్లు ఉరి ఇల్లు, మా అమ్మ ఉరి అమ్మ, చివరికి నా భర్త కూడా ఉరి భర్తే. ఇంగ్లీషు చదివినవారు దీన్ని చూసి, కొరియన్లు సమష్టి మనుషులు, నా అన్న భావన లేనివారు అని పెద్ద వ్యాఖ్యానాలు చేస్తుంటారు. మా ఆవిడ, మా ఆయన, మా అబ్బాయి అని రోజూ అనుకునే మనకు అందులో అబ్బురమేముంది? నాకు ఆసక్తి కలిగించినది మరొకటి. వినేవారిని కలుపుకునే 'మన'కూ, కలుపుకోని 'మా'కూ కొరియన్‌లో తేడా లేదు. దానికి బదులు, పెద్దల ముందు తమను తగ్గించుకుని చెప్పే 'చొహి' అనే రూపం ఉంది. మా ఇల్లు, మా సంస్థ అన్నవాటికి చొహి చక్కగా చెల్లుతుంది. కానీ 'చొహి దేశం' అంటే తప్పని బడిలోనే దిద్దుతారు: నిన్ను నువ్వు ఎంతైనా తగ్గించుకో, దేశాన్ని మాత్రం ఎవరి ముందూ తగ్గించకు అని. మనం 'మన'లో మనుషులను లెక్కపెట్టుకుంటే, వాళ్ళు అక్కడ కూడా ఎత్తుపల్లాలే చూస్తున్నారన్నమాట.

అన్నం గురించి చెప్పకపోతే ఈ సమాధానం ఆకలితో లేచినట్టే అవుతుంది. 'బాప్ మొగొస్సొ?', అంటే 'అన్నం తిన్నావా?', అన్నది అక్కడ పలకరింపు. సమాధానం ఏమిటన్నది ఎవరికీ పట్టదు. కుటుంబ సభ్యుణ్ణి 'షిక్కు' అంటారు, అంటే 'తినే నోరు'. బతుకుతెరువు 'అన్నపు తాడు', నిరాదరణ 'చల్లారిన అన్నం'. పాతతరం వారు 'బొరిత్‌గొగే' అని తలచుకునేవారు: శరదృతువులో ఇల్లు చేరిన బియ్యం అయిపోయి, వేసవి మొదట్లో బార్లీ ఇంకా కోతకు రాని రోజులవి. మాటకు మాటగా చెప్పాలంటే 'బార్లీ కనుమ'. ఆ కనుమ దాటలేక ఊళ్ళకు ఊళ్ళు పస్తులుండడం 1960ల దాకా సాగింది. ఆ కనుమ దాటి వచ్చినవారి మనవలే ఇవాళ వీడ్కోలు చెబుతూ 'ఎప్పుడైనా కలిసి అన్నం తిందాం' అంటారు. తేదీ మాత్రం చెప్పరు. పెళ్ళికాని నన్ను మా బుజాంగ్‌నిమ్ 'గుక్సు ఎప్పుడు పెడతావు?' అని అడిగినప్పుడు, దుబాసీ అక్కరలేకుండానే అర్థమైంది. గుక్సు అంటే పెళ్ళి విందులో వడ్డించే పొడుగాటి నూడుల్స్. మా మేనమామ కూడా సరిగ్గా ఆ నెలలోనే ఫోన్‌లో 'పప్పన్నం ఎప్పుడు పెడతావురా?' అని అడిగి ఉన్నాడు. తొందరపడేవారిని వెక్కిరిస్తూ, 'తొక్' అనే బియ్యపు పిండివంట పెట్టే ఆలోచన పెట్టేవాడికే లేకపోతే నువ్వు ముందుగానే కిమ్చీ అనే ఊరగాయ నీళ్ళు తాగుతున్నావు అంటారు. మనం 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్టు.

'నున్‌చి' అనే మాట గురించి చాలామంది చాలా రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను: ఎదుటివారి ముఖం చూసి, చెప్పనిది గ్రహించే నేర్పు అది. నున్‌చి చురుకైనవాడికి బౌద్ధాలయంలో కూడా ఉప్పు రొయ్యలు దొరుకుతాయని సామెత. ఇప్పటి నా ఉద్యోగమంతా దాని మీదే నడుస్తోంది. కొరియన్ అధికారి 'కొంచెం కష్టంగా ఉండేటట్టు ఉంది' అంటే ఆ పని జరగదని అర్థం. మన గుత్తేదారు 'చూద్దాం సార్' అంటే దానికీ దాదాపు అదే అర్థం. ఇద్దరి మాటలనూ ఉన్నదున్నట్టు అనువదిస్తే, ఇద్దరూ పని అయిపోయిందనుకుని సంతోషంగా లేచి వెళ్ళిపోతారు. మొదటి ఏడాది అలా ఒకటి రెండుసార్లు జరిగింది కూడా.

లిపి సంగతి అడగలేదు కానీ, అది సమాజపు కథే కనుక కొంచెం చెప్పాలి. సెజోంగ్ రాజు 1443లో అక్షరాలు రూపొందించి 1446లో లోకానికి ప్రకటించాడు. మన భాష చైనా భాషకు భిన్నమైనది కనుక, సామాన్య ప్రజలు చెప్పదలచుకున్నది రాసుకోలేకపోతున్నారని, అది చూసి జాలిపడి ఈ అక్షరాలు చేశానని ఆయన పీఠికలో రాశాడు. హల్లులు నాలుక, పెదవులు, గొంతు ఆకారాలను బట్టి, అచ్చులు ఆకాశానికి చుక్క, భూమికి అడ్డగీత, మనిషికి నిలువుగీత అన్న లెక్కను బట్టి వచ్చాయి. తెలివైనవాడు పూట గడవకముందే, మందబుద్ధి అయినా పది రోజుల్లో నేర్చుకోగలడని ఆనాటి పండితుడు చొంగ్ ఇంజీ రాశాడు. నాకు తొమ్మిది రోజులు పట్టింది, కనుక నేను ఏ కోవకు వస్తానో మీరే తేల్చుకోండి. చైనా లిపిని వదిలితే అనాగరికులమైపోతామని 1444లో ఆస్థాన పండితులే రాజుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ తరువాత నాలుగు వందల ఏళ్ళకు పైగా పెద్దమనుషులు దీన్ని పామరుల రాతగా, ఆడవాళ్ళ రాతగా చులకన చేశారు. ఆ చులకన ఇప్పటికీ పదజాలంలో మిగిలే ఉంది: పళ్ళకు అచ్చమైన కొరియన్ మాట 'ఇ', కానీ దంతవైద్యశాలలో పెద్దవారిని 'చియా' ఎలా ఉన్నాయని చైనా మూలపదంతోనే అడుగుతారు. వయసూ పేరూ అంతే; గౌరవం కావాలంటే చాలాచోట్ల చైనా మాట. పళ్ళు సామాన్యుడికి, దంతాలు వైద్యుడికి అనుకునే మనకు దీన్ని వివరించవలసిన పని లేదు. అక్షరాలు పుట్టిన రోజుగా అక్టోబరు 9న వారు జాతీయ సెలవు జరుపుకొంటారు. మనం ఆగస్టు 29న గిడుగువారి జయంతిని భాషాదినోత్సవం చేసుకున్నాం. రెండూ పామరుల పక్షాన నిలిచినవారి పండుగలే.

ఇదంతా రాయిలా నిలిచిపోయినదేమీ కాదు. 2002 ప్రపంచకప్‌కు ముందు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా వచ్చిన డచ్చి దేశస్థుడు హిడ్డింక్, మైదానంలో చిన్నవారు పెద్దవారిని గౌరవవాచకాలతో పిలవనక్కరలేదని చెప్పడం అక్కడ ఇప్పటికీ కథగా చెప్పుకొంటారు. బంతి వచ్చేలోగా అన్నగారూ అనే వ్యవధి ఎక్కడుంది? ఈ మధ్య సంస్థలు హోదాలు తీసేసి అందరినీ పేరుకు 'నిమ్' చేర్చి పిలవమంటున్నాయి. మరోవైపు కాఫీ దుకాణాల్లో మర్యాద శ్రుతిమించి, 'తమరి కాఫీగారు విచ్చేశారు' అన్నట్టు కాఫీకే 'షి' తగిలించడం మొదలైంది. భాషావేత్తలు తప్పని ఎంత మొత్తుకున్నా, కొనేవారిని నొప్పించకూడదన్న భయం ముందు వ్యాకరణం నిలవడం లేదు. ఉత్తర కొరియాలోనైతే దక్షిణాది పలుకుబడిని అరికట్టడానికి 2023లో ఏకంగా చట్టమే చేశారు. రక్తసంబంధం లేని యువకుణ్ణి 'ఒప్పా' అనడం కూడా అందులో నేరం కిందికి వస్తుంది.

నన్ను ఆ రోజు 'తాంగ్‌షిన్' అన్నందుకు క్షమించిన బుజాంగ్‌నిమ్ పదవీవిరమణ చేసి ఇప్పుడు బుసాన్‌లో ఉంటున్నారు. చాంగ్వన్‌లో నేను ఫోన్‌లో మా ఊరి స్నేహితులతో 'ఏమప్పా' అని మాట్లాడుతుంటే, అప్పా అంటే వారి భాషలో నాన్న కనుక, రోజుకు నలుగురైదుగురు నాన్నలతో మాట్లాడుతున్నానని ఆయన చాలాకాలం అనుకున్నారట. నేను వచ్చేసే ముందు రోజు రాత్రి, ఇకమీదట 'హ్యొంగ్' అని పిలువు, మాట దించుకో, అన్నారు. మాట దించుకోవడమంటే మర్యాద తోకలు వదిలేయడం. అక్కడ ఒక పెద్దమనిషి చిన్నవాడికి ఇచ్చే బహుమానం అది. నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. బుజాంగ్‌నిమ్ అనే అంటున్నాను. ఆయన మాత్రం సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడల్లా, తన గ్యొంగ్సాంగ్ ప్రాంతపు యాసలో "ఏమప్పా, బాప్ ముగొన్నా?" అని మొదలుపెడతారు.